తొలి జీతము ఎవరిది?

వాడపల్లి వేంకటేశ్వరుని ఆలయమున ఏడు శనివారములు, వారమునకు ఏడేసి ప్రదక్షిణములు చేయు జనసమూహములో వివాహము కోరువారును, సంతానము కోరువారును, ఆరోగ్యము కోరువారును పెక్కుమంది కలరు గాని, చదువు ముగించి తొలి యుద్యోగమునకై స్వామిని వేడుకొను యువతీయువకులను చూచినపుడెల్ల నా మనస్సు ఒక ప్రశ్నయొద్ద ఆగిపోవుచుండును. పరీక్షలకు ముందు అయినవిల్లి సిద్ధివినాయకుని సన్నిధిని పూజలందిన కలములు పుచ్చుకొని వ్రాసిన పిల్లలే వీరు; అప్పుడు ఒకరు ఉత్తీర్ణులగుటవలన మఱియొకరి ఉత్తీర్ణతకు భంగము లేకుండెను. ఉద్యోగము అట్టిది కాదు. ఖాళీ యొక్కటియై దరఖాస్తులు నూఱైనచోట, నాకు దయచేయుమని ప్రార్థించుట తక్కిన తొంబదితొమ్మండుగురకు వలదని ప్రార్థించుటయే యగునా? వారిలో నొకడు నా వెనుకనే ప్రదక్షిణము చేయుచుండవచ్చును గదా!

అంతయు పూర్వజన్మకర్మమని పెద్దలు చెప్పు సమాధానము నాకు రుచింపదు. అమలాపురమున 1951లో స్థాపితమైన కోనసీమ భానోజీ రామర్స్ కళాశాలలో ఒకే బల్లపై కూర్చుండి చదివిన యిరువురిలో ఒకనికి ఉద్యోగము రాకపోయినచో దానిని వాని పాపమునకు అంటగట్టుట, ఓడినవానిని రెండవమాఱు ఓడించుటయే. ఫలాపేక్ష విడువుమను గీతోపదేశమును, అప్పుచేసి ఇంటర్వ్యూకు పోయి వట్టిచేతులతో తిరిగివచ్చినవానికి వినిపించుటయు అంతియే కఠినము. ఆ గీతయందే సప్తమాధ్యాయమున, ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని యని భక్తులను నలుదెఱగులుగా చెప్పిన భగవానుడు, జ్ఞానిని మిన్నగా నెంచియు, నలువురను ఉదారులనియే పేర్కొనెను. కావున అడుగుటలో దోషము లేదు. అడిగినది లభించిన పిమ్మట అది యెవరి సొమ్మను విషయమే విచారింపదగినది.

ఈ కోనసీమలో ఒక్క డిగ్రీ వెనుక ఎన్ని కొబ్బరిచెట్లున్నవో లెక్కించినవారు లేరు. దింపు దింపునకు వచ్చిన సొమ్ములో ఫీజునకొక పాలు తీసియుంచిన తండ్రియు, ప్రాణములకు తెగించి ఆ చెట్లెక్కి గెలలు కోసిన దింపు కార్మికుడును, రాశిపోసిన కాయలను ఎండలో కూర్చుండి వలిచిన కూలియు, 1996 నవంబరు 6 నాటి తుపానులో తోట నేలకూలగా మరల మొక్క నాటి నీరుపోసిన తల్లియు, వీరిలో ఎవ్వరి పేరును నియామకపత్రమున కనబడదు. మానవుడు ఋణములతోడనే పుట్టుచున్నాడని శ్రుతి చెప్పును. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అందఱెఱిగినవే. శతపథ బ్రాహ్మణము నాలుగవదిగా మనుష్యఋణమును గూడ చేర్చి, తోడి మనుష్యులకు నిలువ నీడయు, తిన నన్నమును ఇచ్చుటవలన అది తీరునని విధించినది. ఈ నాలుగవ ఋణమును మనము మఱచితిమని నా యభిప్రాయము.

మఱవనివారును కలరు. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) గోదావరి పాయలు దాటివచ్చిన బాటసారులకు వేళకాని వేళయందును వండి వడ్డించి జీవితమంతయు ఆ ఋణమునే తీర్చిరి. నేడు హైదరాబాదు అమీర్‌పేటలో కోచింగునకై చేరిన ముగ్గురు నలుగురు కోనసీమ కుఱ్ఱలు, తమలో ముందుగా కొలువు దొరికినవాని జీతముమీదనే, తమ వంతు వచ్చువఱకు ఒక్క గదిలో కాలము గడుపుట నేనెఱుగుదును. ఆ గదిలో ఒకని నియామకము తక్కినవారికి నిరాకరణము కాదు. ఆ యింటి యద్దె కట్టి, నలుగురకు బియ్యము కొని తెచ్చువాడు, తనకు తెలియకయే, శతపథము చెప్పిన ఋణమును తీర్చుచున్నాడు. వాని మొక్కు ఎవ్వరికిని కీడు కోరినది కాదని నిస్సందేహముగా చెప్పగలను.

కనుక, తొలి జీతముతో మొక్కు చెల్లింప వాడపల్లికి పోవు చిరంజీవులారా! తప్పక పొండు, స్వామికి అనుకొన్నది లోపము లేకుండ సమర్పింపుడు. తిరుగుదారిలో, ఇంకను ఉద్యోగము రాని మీ సహాధ్యాయి యింటి గుమ్మము తొక్కి, మీ గదిలో వానికొక చాప పఱచియున్నదని చెప్పి, రైలు ఖర్చులు వాని చేతనుంచి రండు.