కట్టించువాడు – కట్టువాడు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అని మన సామెత. మన ఇరుగుపొరుగున నున్న కన్నడమువారును "మనె కట్టి నోడు, మదువె మాడి నోడు" అనుచున్నారు. మాటకు మాట సరిపోవుచున్నది. ఈ సామెతను మనము సాధారణముగా ఖర్చునకు, శ్రమకు అన్వయించుకొని నవ్వి ఊరకుందుము. కాని అందలి "చూడు" అను మాట కడ కొంచెము నిలిచి ఆలోచింపవలసి యున్నది. చూడవలసిన దేమి? పెండ్లిలో వియ్యంకుల మనస్సు తెలిసినట్లే, ఇల్లు కట్టునపుడు ఎదుటివాని నిజాయితీ తెలియును. దానితోపాటు మన నిజాయితీయు బయటపడును. కావున ఇల్లు కట్టించుట ధనమునకు సంబంధించినంతగా ధర్మమునకును సంబంధించిన పనియే యని మేము తలంచుచున్నాము.

బెంగుళూరున స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ పని క్రొత్తది కాదు. 1898లో ప్లేగు వ్యాపించిన పిమ్మట, పేటల యిరుకునుండి జనులను వెలుపలికి తెచ్చుటకై మల్లేశ్వరము, బసవనగుడి ఏర్పడినవి. 1945లో నగరాభివృద్ధి ట్రస్టు బోర్డును, 1976లో దాని స్థానమున బెంగుళూరు అభివృద్ధి ప్రాధికార సంస్థయు వెలసి, లేఅవుట్లు వేసి సైట్లు పంచినవి. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు గల సైటుపై సొంత యిల్లు నిలుపుట మధ్యతరగతి గృహస్థునకు జీవితకాలపు కోరిక యైనది. పూర్వము యజమాని తానే ఇటుకలు, సున్నము, కలప కొని, మేస్త్రీని పిలిపించి, గొడుగు వేసికొని దినమెల్ల ఎదుట కూర్చుండి పని చేయించుకొనెడివాడు. నేడు ఆలుమగ లిరువురును ఉద్యోగములకు పోవుచున్నారు. చదరపుటడుగునకు ఇంత అని ధర కుదుర్చుకొని, సామగ్రితో సహా పని యంతయు ఒక బిల్డరునకు అప్పగించుచున్నారు. కట్టించువాడు ఒకడు, కట్టువాడు వేఱొకడు. వీరి నడుమ నున్నది నమ్మకము. నమ్మినవానిని వ్రాతపత్రము అడుగవచ్చునా? వాని పనిని పరీక్షింపవచ్చునా? అది వానిని అవమానించుట కాదా? ఈ సందేహము మంచివారినే ఎక్కువగా బాధించును.

ముందుగా ఈ వృత్తి స్వభావమును గ్రహింపవలెను. బట్ట కొన్నచో నేతను చూడవచ్చును. బియ్యము కొన్నచో గింజను చూడవచ్చును. ఇంటిలో ముఖ్యమైన దెల్ల కంటికి కనబడకుండ పోవును. పునాది మట్టి క్రింద దాగును. ఇనుము కాంక్రీటులో దాగును. నీటి గొట్టములు, విద్యుత్తు తీగలు గోడలో దాగును. కాంక్రీటు కలుపునపుడు పోయుట సులభమగునని ఎక్కువ నీరు పోసినచో అది బలహీనమగును. కాని ఎండిన పిమ్మట కంటికి ఏ భేదమును తోపదు. స్లాబు వేసిన తరువాత కనీసము 7 దినములు, మిశ్రమ సిమెంటైనచో 10 దినములు, తడి యారకుండ కాపాడవలెనని భారత ప్రమాణములు విధించుచున్నవి. దాని బలమును 28 దినములకు పరీక్షింతురు. నాలుగవ నాడే నీరు పట్టుట మానినచో ఆ సంగతి గృహప్రవేశమునాడు ఎవరికిని తెలియదు. ఏండ్లు గడచిన పిమ్మట పైకప్పు చెమ్మగిల్లి, ఇనుము త్రుప్పుపట్టి, పెచ్చులూడునపుడు తెలియును. దాగినది ఎక్కువగా నున్న చోట నమ్మకము ఎక్కువగా వలయును. అట్టి చోటనే పరీక్షయు ఎక్కువగా వలయును. ఈ రెండును ఒకదానికొకటి విరోధులా యన్నదే విచారింపదగిన విషయము.

భారతమున రెండు యిండ్ల కథ కలదు. ఒకటి పురోచనుడు వారణావతమున కట్టించిన లక్కయిల్లు. రెండవది మయుడు ధర్మరాజు కొఱకు కట్టిన సభ. లక్కయిల్లు చూడ ముచ్చటగానే యుండెను. దోషము గోడ పైన లేదు, గోడలో నున్నది. ధర్మరాజు ఆ యింటిని పరికించి, నేయి లక్కల వాసన పసిగట్టి భీమునకు తెలిపెను. ధర్మమునకే పేరుపడిన యాతడు తనకిచ్చిన యింటిని పరీక్షించుట తప్పనుకొనలేదు. ఇక మయుడు ఖాండవదహనమున ప్రాణము దక్కించుకొని, కృతజ్ఞతతో సభను నిర్మింప వచ్చినవాడు. కూలికి వచ్చినవాడు కాడు. అట్టివాడు సైతము ఏమి వలయునో ముందుగా అడిగెను, నేలను కొలిచెను, రూపమును నిర్ణయించుకొనెను, 14 మాసములు పనిచేసెను. స్నేహము కలదు గదా యని కొలత మానలేదు. దీనినిబట్టి చూడగా, పరీక్ష అవిశ్వాసమునకు గుర్తు కాదనియు, కొలత స్నేహమునకు శత్రువు కాదనియు తేలుచున్నది.

అయినను మన కుటుంబములలో ఒక చిక్కు కలదు. పరాయిచోట నున్న మనకు మన భాష మాట్లాడువాడు కనబడగనే ప్రాణము లేచివచ్చును. "మనవాడే గదా, కాగితము లెందుకు?" అనుకొందుము. కాగితమడిగినచో "అన్నా, నన్నే నమ్మవా?" యని యాతడు నొచ్చుకొనును. ఇట్లు మాటపై పని మొదలగును. వంటగది అరుగునకు కడపరాయి అనుకొన్నది నడుమ గ్రానైటు అగును. ఒక కిటికీ పెరుగును. నీటి సంపు లోతగును. అది ధరలో చేరినదని యజమాని యనుకొనును. అదనమని బిల్డరు లెక్కవ్రాయును. ఇద్దఱును అబద్ధమాడుట లేదు. ఇద్దఱి జ్ఞాపకములు వేఱు. కడకు ఇల్లు సగములో నిలుచును, మాటలు నిలిచిపోవును, పెండ్లిపేరంటములలో ముఖములు చాటువేసికొందురు. పత్రము లేకపోవుట స్నేహమును కాపాడినదా, చంపినదా? మనుష్యుని మంచితనము మాఱకున్నను జ్ఞాపకము మాఱును. మాఱు స్వభావము గల జ్ఞాపకముపై స్నేహభారమును మోపకుండుటకే వ్రాత పుట్టినది.

కావున ఒప్పందమున వ్రాయవలసినవి కొన్ని కలవు. చదరపుటడుగు ధరలో ఏది చేరినది, ఏది చేరలేదు. ఇటుక, సిమెంటు, ఇనుము, తలుపుల కలప, నేల రాయి ఏ రకములు. ప్లాను మంజూరు ఎవరు తెచ్చుకొందురు. పని ఎన్ని మాసములు. ఆలస్యమైనచో ఏమి చేయవలెను. పైకము ఒకేమాఱు ఈయక, పునాది, లింటలు, స్లాబు, పూత, తుదిమెఱుగులు అను ఘట్టములనుబట్టి ఈయవలెను. మార్పు కోరినచో దాని వెలను ముందుగా వ్రాసి ఇరువురును సంతకము చేసిన పిమ్మటనే చేతికెత్తుకొనవలెను. కొంత సొమ్మును లోపములు దిద్దుకొఱకు కొన్ని మాసములు నిలిపియుంచుటయు ఆచారమే. ఈ నగరమున 1,200 చదరపుటడుగులు, అంతకు మించిన సైటుపై క్రొత్తగా కట్టు యింటికి వాననీటిని పట్టు ఏర్పాటు ఉండవలెనని 2009లో శాసనము చేసిరి. దానిని మొదటి ప్లానులోనే చేర్చుకొనవలెను. బిల్డరుతో సంబంధము లేని ఒక ఇంజనీరును పెట్టుకొని, స్లాబు పోయుటకు ముందు ఇనుమును చూపించుకొనుటకగు వ్యయము వ్యర్థము కాదు.

చట్టముండగా ఇదంతయు ఎందుకని కొందఱనవచ్చును. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము ఇండ్లు కట్టి అమ్మువారి నుద్దేశించినది. యిల్లు అప్పగించిన నాటినుండి 5 సంవత్సరములలో కట్టడపు లోపమును తెలిపినచో 30 దినములలో ఉచితముగా బాగుచేయవలెనని అందు కలదు. కాని మన సైటుపై మనకొఱకే కట్టించుకొను ఒంటి యిల్లు సాధారణముగా దాని క్రిందికి రాదు. అట్టి రక్షణ కావలెనన్నచో మన ఒప్పందములో మనమే వ్రాసికొనవలెను. వినియోగదారుల రక్షణ చట్టమున 1993 సవరణతో గృహనిర్మాణము సేవలలో చేరినది. 2019 నాటి క్రొత్త చట్టమును దానిని నిలిపినది. ఆ తలుపు తట్టవచ్చును. అయితే న్యాయస్థానము పరిహారమీయగలదు గాని, పోయిన స్నేహమును ఈయజాలదు.

ఇంతవఱకు కట్టువాని బాధ్యతయే చెప్పితిమి. కట్టించువాని బాధ్యత తక్కువది కాదు. నలుగురి యొద్ద ధరలు తెచ్చుకొని, ఒకనిని చూపి మఱొకనిని అణచి, నిజాయితీగా కట్టుటకు చాలని ధరకు పనిని కుదిర్చి, "ఎంత గట్టిగా బేరమాడితినో" యని సంతోషించువారు కలరు. ఆ ధరకు మంచి యిల్లు రాదని తెలిసియు ఒప్పించినచో, తరువాత తగ్గిన సిమెంటులో మనకును పాలు కలదు. ఘట్టము ముగిసిన పిమ్మట పైకము ఈయక త్రిప్పుటయు, చుట్టము వచ్చి చెప్పినదని నిలిచిన గోడను పడగొట్టించుటయు, కడపటి వాయిదాను ఎగవేయుటకై లేని లోపములను వెదకుటయు అధర్మములే. పత్రము ఒక వైపున మాత్రమే కట్టు త్రాడు కాదు.

ఈ యిద్దఱి పత్రమున పేరు లేని మూడవవాడు ఒకడు కలడు. వాడే కూలివాడు. లక్కయింటినుండి పాండవులు బయటపడుటకు బిలము త్రవ్విన వానిని ఖనకుడనిరి, అనగా త్రవ్వువాడు. అది వాని వృత్తి. ఈ నగరపు కట్టడములలోను అట్టివారు పెక్కుమంది. కర్ణాటకమున భోవులనబడు రాతిపనివారిలో పెక్కుమంది యింట తెలుగే మాట్లాడుదురు. పాలమూరు కూలీలు మేస్త్రీల వెంట దేశమంతట ఆనకట్టలు కట్టుటకు పోయినవారే. "మనవాడు" అను మాట బిల్డరునకు వర్తించినచో వీరికి వర్తింపదా? 1996 నాటి శాసనములు కట్టడపు కూలీల సంక్షేమమునకై నిర్మాణవ్యయముపై సుంకము విధించినవి. అది నూటికి 1 వంతున వసూలగుచున్నది. సొంత నివాసమైనచో 10 లక్షల రూపాయలకు మించని వ్యయమునకు ఆ శాసనములలో మినహాయింపు ఉండెడిది. సుంకము కట్టుటతో మన ఋణము తీరదు. త్రాగునీరు, మఱుగు, ఎత్తున పనిచేయువానికి గట్టి పరంజా, వారము తిరుగగనే కూలి, ఇవి బిల్డరు చూచుకొనునని మనము ముఖము త్రిప్పుకొనరాదు. వీనిని గూడ ఒప్పందమున వ్రాయవలెను. వారికి మనవలె పత్రమడుగు అవకాశము లేదు గదా.

నమ్మకమనగా కన్నులు మూసికొనుట కాదు. ఎదుటివాడు మంచివాడై నిలుచుటకు వీలగు స్థితిని కల్పించుటయే నమ్మకము. స్పష్టమైన కొలత, న్యాయమైన ధర, వేళకు పైకము, వేళకు పరీక్ష ఉన్నచో సామాన్యుడును నిజాయితీగా నుండగలడు. అవి లేనిచో మంచివాడును జారవచ్చును. బెంగుళూరున యిల్లు తలపెట్టు మన కుటుంబములు ముహూర్తము చూచుకొనుటకు ముందే ఒప్పందము చూచుకొనుగాక. గృహప్రవేశమునాడు బిల్డరును, మేస్త్రీయు, రాయి మోసినవారును మన పంక్తిలోనే కూర్చుండి సంతోషముగా భుజింపగలిగినచో, ఆ యిల్లు ధర్మముగా కట్టబడినదని చెప్పవచ్చును.