జకాత్‌తో తీరని బాకీ

 

చీరాల ప్రాంతానికి చెందిన ఒక సోదరుడు జుమా నమాజు తరువాత నా దగ్గర కూర్చొని తన సందేహం వెలిబుచ్చారు. తండ్రి కాలం నుంచి ఆయనది బట్టల వ్యాపారం. ముప్పై మగ్గాలకు నూలు, పడుగులు ఇస్తారు. నేతన్నలు ఇళ్ళ దగ్గరే చీరలు నేసి తెచ్చి, మజూరీ తీసుకువెళతారు.

"మౌలానా గారూ! అదే అంచు, అదే రంగు బయటి రాష్ట్రాల మరమగ్గాల మీద సగం ధరకే దొరుకుతోంది. షాపుల వాళ్ళు కూడా అదే కావాలంటున్నారు. మన మగ్గాలు ఆపేసి సరుకు అక్కడి నుంచే తెప్పించుకుంటే తప్పా? వీళ్ళను గాలికి వదిలేయను. రమజాన్‌లో మన వాళ్ళ ఇళ్ళకు జకాత్, మిగతా వాళ్ళకు సదఖా ఇస్తాను" అన్నారాయన.

ఇది ఆయన ఒక్కరి ప్రశ్న కాదు. పని ఎక్కడ చవకైతే అక్కడికి తరలిపోతున్న ఈ కాలంలో వ్యాపారం చేసే ప్రతి విశ్వాసికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. దీనికి సమాధానం రెండు భాగాలు.

మొదటిది: సరుకు చవకగా దొరికే చోట కొనడం అధర్మం (హరామ్) కాదు. అల్లాహ్ వ్యాపారాన్ని ధర్మసమ్మతం (హలాల్) చేశాడు. ఉపాధిని ఆయన భూమి అంతటా పరిచాడు. భివండీలో మరమగ్గం నడిపే మనిషికీ ఆకలి ఉంది, పిల్లలున్నారు. మన ఊరివాడికి తప్ప మరెవరికీ అన్నం దొరకకూడదన్నది ఇస్లాం బోధ కాదు.

చరిత్ర కూడా ఒకసారి గుర్తు చేసుకుందాం. 1611లో ఇంగ్లీషు వారి గ్లోబ్ అనే ఓడ మన నిజాంపట్నం తీరానికి వచ్చింది. మన తీరపు బట్ట కోసమే ఆ రాక. ఆ తరువాత హిందూదేశపు నూలుబట్ట ఇంగ్లండులో వెల్లువెత్తితే అక్కడి నేతగాళ్ళు తమ పని పోయిందని గగ్గోలు పెట్టారు. 1700లోనూ, 1721లోనూ వారి పార్లమెంటు మన అద్దకపు బట్టలపై నిషేధాలు విధించింది. పంతొమ్మిదవ శతాబ్దంలో వారి మిల్లు బట్ట బేళ్ళకు బేళ్ళుగా వచ్చి మన మగ్గాలను పడగొట్టింది. ఒకప్పుడు మన మగ్గం వారి మగ్గాన్ని ఆపింది. తరువాత వారి మిల్లు మన మగ్గాన్ని ఆపింది.

అంత దూరం ఎందుకు? మన నూర్‌బాషా సోదరుల పెద్దలు విల్లు భుజాన వేసుకొని ఊరూరా తిరిగి దూది ఏకి, పరుపులు కుట్టేవారు. ఏకే యంత్రం వచ్చింది. తరువాత ఫోమ్ పరుపు వచ్చింది. ఫోమ్ పరుపు కొన్నవాడు పాపం చేయలేదు. కాని ఆ విల్లు మోసిన మనిషి ఏమయ్యాడని అడిగినవారు ఎందరు?

సోదరులారా! సమాధానంలోని రెండవ భాగం ఇక్కడే మొదలవుతుంది. సరుకు మార్చుకోవచ్చు. దానితోపాటు మనుషుల హక్కులు మాఫీ కావు.

మొదటి హక్కు కొనేవాడిది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉంది, లోపల తడి. వానకు తడిసిందన్నాడు అమ్మేవాడు. తడిసినదాన్ని అందరికీ కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని మందలించి, మోసం చేసేవాడు తమవాడు కాడని తేల్చి చెప్పారు. మరమగ్గపు చీరను చేనేత అని అమ్మడం పొడి గింజల కింద తడి గింజలు దాచడమే. పైగా 1985 నాటి చట్టం ప్రకారం 11 రకాల వస్త్రాలు చేనేతకే ప్రత్యేకించబడ్డాయి. తెప్పించే సరుకు ఆ జాబితాలోనిదేమో ముందు చూసుకోవాలి.

రెండవ హక్కు నేసినవాడిది. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్నది ప్రవక్త (స) ఆదేశం. పని పూర్తిగా చేయించుకొని కూలి ఎగ్గొట్టినవాడికి ప్రళయదినాన స్వయంగా అల్లాహ్‌యే ప్రతివాదిగా నిలుస్తాడని హెచ్చరించారు. ఈ హక్కు మతం చూడదు, కులం చూడదు.

కొండగుహలో చిక్కుకున్న ముగ్గురి హదీసు మీరు విన్నదే. వారిలో ఒకని దగ్గర ఒక కూలివాడు కూలి తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. యజమాని ఆ కూలిని పెట్టుబడిగా పెట్టి వృద్ధి చేశాడు. చాలాకాలానికి కూలివాడు తిరిగివస్తే, మంద మొత్తం చూపించి ఇదంతా నీ కూలే అన్నాడు. వాడు సాంతం తోలుకుపోయాడు. అల్లాహ్ ప్రీతి కోసం చేసిన ఆ పని వల్ల గుహకు అడ్డుపడిన రాయి తొలగింది.

నేను ఆ సోదరుణ్ణి అడిగాను: "మీ మేడ, మీ కొట్టు ఎవరి చేతుల నుంచి పెరిగాయి?" ఆయన తల వంచుకున్నారు. "మరి వారికి చెప్పారా?" అన్నాను. చెప్పలేదన్నారు.

సోదరులారా! జకాత్ అల్లాహ్ విధించిన ఆరాధన. కూలి మనిషికి మనం పడిన అప్పు. ఒకదాన్ని ఇచ్చి రెండవదాన్ని తీర్చలేము. షాబాన్‌లో మగ్గం ఆపించి, రమజాన్‌లో అదే గుమ్మం ముందు దానం పట్టుకొని నిలబడితే, చాచే చేయిని మనమే తయారు చేసినట్లు కాదా? ప్రవక్త (స) తన దగ్గరకు యాచనకు వచ్చిన అన్సారీ ఇంట్లోని గుడ్డను, గిన్నెను రెండు దిర్హములకు అమ్మించారు. ఒకటి ఇంటి తిండికి, ఒకటి గొడ్డలికి. ఆ గొడ్డలికి పిడి తమ చేతులతోనే బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకోమని పంపారు. పని చూపించడం అంటే అది.

ముప్పై మగ్గాలూ నిలబడతాయని నేను ఆయనకు హామీ ఇవ్వలేదు. దేశంలో చేనేత, అనుబంధ పనివారు 2009-10 గణనలో 43 లక్షలు, 2019-20 గణనలో 35 లక్షలు. ఈ వాలును ఒక్క వ్యాపారి ఆపలేడు. ఆయనకు చెప్పింది ఇంతే: నేతన్నలను పిలిచి ఉన్నది ఉన్నట్లు చెప్పండి. మజూరీ బాకీలు ముందు తీర్చండి. పాత అడ్వాన్సులను వారి మెడకు ఉరి చేయకండి. మరో పని వెతుక్కొనే గడువు ఇవ్వండి. అమ్ముడుపోయే మేలు రకాలకు కొన్ని మగ్గాలైనా నడపండి. మరమగ్గపు సరుకు వేరే బీరువాలో పెట్టి, దాని పేరుతోనే అమ్మండి.

ఇక మనం కొనేవాళ్ళం. పెళ్ళి పందిరికి లక్షలు పోసి, చేనేత చీర దగ్గర వంద రూపాయలకు బేరమాడేది మనమే. ఆ వంద ఎవరి మజూరీలోంచి తెగుతుందో ఆలోచించామా? చవక సరుకు కొనడం తప్పు కాదు. ఆ చవక ఎవరి హక్కును మింగి వచ్చిందో అడగకపోవడమే తప్పు.

మన సంపాదనలో ఇతరుల హక్కు కలవకుండా అల్లాహ్ మనల్ని కాపాడుగాక! బాకీలు ఈ లోకంలోనే తీర్చుకొనే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.