పత్రము లేనివాని ప్రాణము

రాజ్యమునకు సరిహద్దులుండుట తప్పు గాదు. ఎవరు లోనికి రావచ్చునో, వచ్చినవా రెంతకాల ముండవచ్చునో నిర్ణయించు నధికారము ప్రతి ప్రభుత్వమునకును గలదు. ఇంటికి తలుపును, తలుపునకు గడియయు నుండుటను మనలో నెవ్వరు నాక్షేపింపరు. కాని పిలువనివాడు మన యరుగుమీదికి వచ్చి మూర్ఛపోయినయెడల, ముందు వానికి నీళ్లీయవలెనా, ఊరు పేరు విచారింపవలెనా? ఈ ప్రశ్నకు పల్లెటూళ్లలో చదువురాని ముసలమ్మ సైతము తడుముకొనక బదులు చెప్పగలదు. చట్టములు తెలిసిన మనకే ఆ బదులు కష్టమైనది. అనుమతిపత్రము లేక పరదేశమున నున్నవానియెడ పోలీసులును, ఆసుపత్రులును ఎట్లు ప్రవర్తింపవలెనన్నదే యిచ్చటి విచారము.

ఈ ప్రశ్న హైదరాబాదువారిని రెండు ప్రక్కలనుండి తాకుచున్నది. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు వెలసినది మొదలు హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతములు అమెరికా యానమునకు సముద్రము లేని రేవుపట్టణమైనవి. ఈ రేవుగుండ పోయిన మన పిల్లలలో కొందరు అచ్చట పత్రములు చెల్లనివారైరి. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయము మోసపు సంస్థయని తేలి మూతపడినది. అందు చేరినవారిలో పెక్కుమంది తెలుగువారు. వారిలో కొందరి కాళ్లకు, ఎచ్చటికి పోవుచున్నారో కనిపెట్టు రేడియో కడియములు తగిలించిరి. 2019 జనవరిలో, మిషిగన్ రాష్ట్రమందలి ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయము అమెరికా యధికారులే పన్నిన వలయని బయటపడెను. ఆ వలలో చిక్కి నిర్బంధింపబడిన భారతీయ విద్యార్థులు 129 మంది. వారిలోను తెలుగువారే మిక్కుటము. "వారేమి దొంగలా? చదువుకొనబోయిన పిల్లలు గదా!" యని ఇంటింటను వాపోయితిమి. ఆ మాట న్యాయమైనదే.

ఇక రెండవ ప్రక్క. అదే నగరమున బాలాపూరు ప్రాంతమందు, మయన్మారు దేశమునుండి ప్రాణభీతితో పారివచ్చిన రోహింగ్యాలు కొన్నివేలమంది గుడిసెలలో నున్నారు. ఆ దేశము 1982లో చేసిన పౌరసత్వశాసనము వారిని ఏ దేశమునకును చెందనివారిగా జేసినది. ఐక్యరాజ్యసమితి శరణార్థిసంస్థ యిచ్చిన చీటి వారిలో పెక్కురియొద్ద గలదు. కాని 1951 నాటి శరణార్థుల యొడంబడికపై మన దేశము సంతకము చేయలేదు గావున ఆ చీటికి మన చట్టమున బలము తక్కువ. చదువునకో పనికో వచ్చి, వీసా గడువు తీరినను నగరమున నిలిచిపోయిన పరదేశీయులును గలరు. వీరినిగూర్చి మాటాడునప్పుడు మన నోట ‘పిల్లలు’ అను మాట రాదు. ‘చొరబాటుదారులు’ అను మాట వచ్చును.

"మనవారు రుసుములు చెల్లించి, వీసాతో పోయినవారు, వీరు దొంగచాటుగా వచ్చినవారు" అని కొందరందురు. చాలమంది విషయమున భేదము నిజమే. దానినిబట్టి ఎవరిని పంపివేయవలెను, ఎవరి నుంచుకొనవలెను అను నిర్ణయము మారవచ్చును. కాని కాలికి కడియము తగిలించినప్పుడు మనము నొచ్చుకొన్నది వీసా చెల్లుబాటును జూచి కాదు. మనుష్యుని పశువువలె చూడరాదని. ఆ కారణము మనవారియెడ నిజమై, పరులయెడ నబద్ధము కాజాలదు.

మన రాజ్యాంగకర్తలు రెండు మాటలను జాగ్రత్తతో వాడిరి. 19వ అధికరణము వాక్స్వాతంత్ర్యాదులను ‘పౌరుల’ కిచ్చినది. ప్రాణమును, శరీరస్వేచ్ఛను గాపాడు 21వ అధికరణమున ‘పౌరుడు’ లేడు, ‘వ్యక్తి’ యున్నాడు. బడిలో వ్యాకరణము చెప్పువానికి ఈ భేదము చిన్నది కాదు. 1996లో అరుణాచలప్రదేశమందలి చక్మాల వ్యాజ్యెమునను, 2000లో హౌరాలో అత్యాచారమునకు గురియైన బంగ్లాదేశపు స్త్రీ వ్యాజ్యెమునను, ఈ రక్షణ పౌరులు కానివారికిని చెందునని సుప్రీముకోర్టు చెప్పినది. 1989లో పరమానంద కటారా వ్యాజ్యెమున నిచ్చిన తీర్పు మరింత స్పష్టము: గాయపడి వచ్చినవాడు నిర్దోషియైనను, దోషియైనను వైద్యుడు తక్షణమే చికిత్స చేయవలెను, పోలీసు లాంఛనములు తరువాత.

ప్రాచీనులనే ప్రమాణముగా గొనువారి కిచ్చట నొక చిక్కు గలదు. చరకసంహితలో గురువు శిష్యునకు విధించు నియమములలో, రాజును ద్వేషించువారికిని, రాజు ద్వేషించువారికిని మందీయరాదని యున్నది. అంతటి వైద్యగ్రంథమును రాజభయమును దాటలేకపోయినది. దీనిని దాచుట యెందుకు? గ్రంథము గొప్పదైనంతమాత్రమున నందలి ప్రతిమాటయు ధర్మము గాదు. విభీషణుడు శరణు జొచ్చినప్పుడు, వీడు చారుడు కావచ్చునని సుగ్రీవుడు శంకింపగా, ఆ శంకను విన్న పిదపనే రాముడు అభయమిచ్చిన కథయు నీ దేశమునదే. ఏ దారి మనదో మనమే యెంచుకొనవలెను.

ఈ యెంపిక పుస్తకములకే పరిమితము గాదు. 1946 నాటి విదేశీయుల చట్టమును తొలగించి, 2025 సెప్టెంబరు 1న అమలులోనికి వచ్చిన క్రొత్త చట్టము ఆసుపత్రులకొక విధిని విధించినది: లోపల చేరి చికిత్స పొందు విదేశీయుని వివరములను ప్రభుత్వాధికారికి తెలుపవలెను. చికిత్స మానుమని చట్టము చెప్పలేదు. కాని రోగికి వినబడునది చట్టము గాదు, భయము. నొప్పులు పడుచున్న స్త్రీ ఆసుపత్రి గడపలో పోలీసు నీడను జూచి వెనుదిరిగినచో ఆ బిడ్డ పాప మెవరిది? క్షయరోగి దగ్గును దాచుకొని ఇరుకు గుడిసెలో పండుకొన్నచో, ఆ క్రిములు పొరుగువాని పౌరసత్వము విచారించి యంటుకొనవు. బ్రిటనులో 2017లో, రోగుల చిరునామాలను వైద్యశాఖ వలసశాఖకు అందించు నేర్పాటొకటి జరిగెను. పార్లమెంటు సంఘము ఆక్షేపింపగా 2018లో దానిని చాలవరకు నిలిపిరి. అమెరికాలో, ఆసుపత్రులు, బడులవంటి చోట్ల పట్టివేతలను నియంత్రించిన నియమమును ఆ ప్రభుత్వము 2025 జనవరిలో తీసివేసినది. ఆ వార్తకు ఉలికిపడిన తెలుగు తల్లిదండ్రులకు బాలాపూరు తల్లి భయమును వేరుగా వివరింప నక్కరలేదు.

పోలీసులకు రెండు విధులు గలవు: పత్రములు చూచుట యొకటి, ఆపన్నుని మొర వినుట రెండవది. కూలి యెగవేసిన యజమాని పత్రము లేనివానిని జూచి, "పో, ఫిర్యాదు చేసికొనుము, నిన్నే పట్టుకొందురు" అని నవ్వగలిగినంతకాలము, చట్టము దుర్మార్గునికి కావలి గాయుచున్నట్లే. కావున ఠాణాలో మొదట వ్రాయవలసినది జరిగిన నేరము. పిమ్మట విచారింపవలసినది పత్రము. ఇది సరిహద్దును చెరిపివేయుట కాదు, వరుసను సరిచేయుట. "ఇట్లు జాలి చూపినచో లోకమంతయు వచ్చి పడదా?" యందురేమో. గాయమునకు కట్టు కట్టించుకొనుటకై ఎవడును ఇల్లు విడిచి రాడు. పంపివేయదగినవానిని విచారించి పంపవచ్చును. బ్రతికియున్నవానినే గదా పంపగలము!

చదువరులారా, ఇది ప్రభుత్వమునకే విడువదగిన పని కాదు. మన మేడలకు ఇటుకలు మోసినవారు, మన యిండ్లు తుడుచువారు ఏ దేశమువారని మనలో నెందరడిగితిమి? పని చేయించుకొనునాడు అడుగని ప్రశ్నను జ్వరము వచ్చిననాడు అడుగుట న్యాయమా? ఆధారు కార్డు పౌరసత్వమునకు రుజువు కాదు, ఐనను అది లేదని రోగిని త్రిప్పిపంపు గుమాస్తా యెదురైనచో, ప్రక్కన నిలిచి, "ముందు వైద్యుని పిలువుడు, వ్రాతకోతలు పిదప చూచుకొందము" అని గట్టిగా చెప్పుట మనకు చేతనైన పని. దూరదేశమున మన బిడ్డ ప్రక్కన నిలిచి ఎవరో ఒకరు ఆ మాట చెప్పవలెనని మనము కోరుచున్నాము గదా.