విషమూ, సాక్ష్యమూ

విషప్రయోగం కేసనగానే అందరి చూపూ రసాయన పరీక్షకుని నివేదిక మీదే. విషం దొరికితే దోషి, దొరక్కపోతే నిర్దోషి అని లోకం లెక్క. మేముండే మహారాష్ట్రలోనే, పూణేవాసులకు సంబంధించిన రెండు కేసులు ఈ లెక్కను తారుమారు చేశాయి.

డాక్టర్ అనంత్ చింతామణ్ లాగూ 1956లో తన రోగి అయిన ఒక వితంతువును రాత్రి రైల్లో బొంబాయి తీసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చాడు. ఆమె చనిపోయింది. శరీరంలో ఏ విషమూ కనబడలేదు. కాని ఆమె బతికే ఉన్నట్టు దొంగ కాగితాలు పుట్టించి ఆస్తి కాజేశాడు. ఆ నడతే సాక్ష్యమై, 1959లో సుప్రీంకోర్టు ఉరిశిక్షను ఖాయం చేసింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరు ఒప్పుకోలేదు.

రెండో కేసులో ఒక నవవధువు శరీరంలో పొటాషియం సైనైడ్ దొరికింది. కింది కోర్టు భర్తకు ఉరిశిక్ష వేసింది, హైకోర్టు సమర్థించింది. అది ఆత్మహత్య కావచ్చుననే సందేహం తీరలేదు గనుక 1984లో సుప్రీంకోర్టు అతణ్ణి విడుదల చేసింది.

బ్యాంకులో వోచరు సొమ్ము కదిలిందని చెబుతుంది. కదిపినవాడి మనసు చెప్పదు. రసాయన నివేదికా అంతే. కడుపులో ఏముందో చెబుతుంది, కలిపిన చెయ్యి ఎవరిదో చెప్పదు.

విషం దొరికి తీరాలని పట్టుబడితే, జాడ మిగలకుండా చంపగల వైద్యుడికి రక్షణ దొరుకుతుంది. దొరక్కున్నా ఫరవాలేదంటే, అనుమానమే ఉరితాడవుతుంది. మేం తప్పుడు పద్దును మర్నాడు ఎదురు పద్దు వేసి సరిచేస్తాం. ఉరికి ఎదురు పద్దు లేదు. అందుకే, తీర్పు సరైనదే అనుకుంటున్నా, ఒప్పుకోని ఆ ఒక్క న్యాయమూర్తి కూడా ఆ ధర్మాసనం మీద ఉండవలసినవాడే అంటాను.