రోడ్డు మీద నుంచి పెట్టిన దండం

ఓం శ్రీ రాఘవేంద్రాయ నమః.

ఈ గురువారం పెట్టిన మంత్రాలయం వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. తుంగభద్ర, మంచాలమ్మ గుడి, బృందావనం, అన్నీ చూపించాం. కానీ కెమెరా సంచిలో పెట్టేశాక జరిగిన ఒక సంగతి ఆ వీడియోలో లేదు. అది చెప్పకపోతే నాకు మనసు ఒప్పడం లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాస్త ఓపికగా చదవండి.

సాయంత్రం దర్శనం చేసుకుని, తిరుగు ప్రయాణంలో ఊరి బయట మెయిన్ రోడ్డు మీద టీ బంకు దగ్గర ఆగాం. పక్కనే ఒక లారీ నిలబడి ఉంది. రాయచూరు మిల్లులో బియ్యం ఎత్తుకుని చెన్నైకి పోతున్న బండి. డ్రైవరుకు యాభై ఏళ్లు దాటి ఉంటాయి. నా పంచె, నుదుటి బొట్టు చూసి దగ్గరికొచ్చాడు.

"సామీ, లోపలికి పోయొచ్చినారా? మంత్రాక్షతలు ఉంటే రెండు గింజలు ఇస్తారా?"

"మొత్తం పొట్లం తీసుకో అన్నా. నువ్వు పోలేదా? ఇంత దగ్గర్లోనే ఉన్నావు కదా?" అన్నాను.

"యాడ పోయేది సామీ! క్లీనర్ లేడు. బండి ఇడిసిపెట్టి పోతే డీజిల్ గుంజుకుంటారు, పట్టా కోసుకుని పోతారు. ఈ రోడ్డులో ఇరవై ఏండ్ల నుంచి తిరుగుతాండా. లోపలికి పోయింది నాలుగు సార్లో ఐదు సార్లో. తక్కినప్పుడంతా స్టీరింగ్ మీద నుంచి ఒక చెయ్యి తీసి దండం పెట్టుకోడమే."

అక్షతలు కళ్లకద్దుకుని, డ్యాష్‌బోర్డు మీద రాయరు పటం ముందు పెట్టాడు. బండి స్టార్ట్ చేసి, తలుపు వేసుకోబోతూ ఒక మాట అడిగాడు.

"సామీ, రోడ్డు మీద నుంచి పెట్టిన దండం లోపలికి పోతాదా?"

నేను "పోతుంది అన్నా, తప్పకుండా" అన్నాను. అన్నానే గానీ, అది ఆలోచించి చెప్పిన జవాబు కాదు. ఎవరైనా అలా అడిగితే నోటికి వచ్చే జవాబు. హైదరాబాదు వచ్చేదాకా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే ఆ ప్రశ్న మా ఇంట్లోదే.

మా నాయన కథ

మాది ఎమ్మిగనూరు. మా నాయన ఇరవై ఏడేళ్లు లారీ తోలాడు. బేతంచెర్ల నాపరాళ్లు ఎత్తుకుని పూణే దాకా పోయేవాడు. మాధవరం మీదుగా రాయచూరు దారి పట్టేటప్పుడు గుడి ఉన్న దిక్కుకు తిరిగి దండం పెట్టుకునేవాడు. ఆయన మంత్రాలయం యాత్ర అంతే, కొన్ని సెకన్లు.

ట్రిప్పుకు ఇంత అని జీతం. బండి నడిస్తేనే డబ్బు, నిలబడితే లేదు. లోడింగుకు రెండు రోజులు పట్టినా ఆ రెండు రోజులకు లెక్క లేదు. అక్కడ దించాక తిరుగు లోడు దొరికేదాకా బండి కిందే వంట, బండి మీదే పడక. ఎండాకాలం కేబిన్‌లో పైనుంచి రేకు, కింద నుంచి ఇంజిన్, రెండూ కాలుస్తాయి. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు ఏసీ కేబిన్ తప్పనిసరి చేశారు. మంచిదే. కానీ రోడ్డు మీద ఇంకా ఎన్నో పాత బండ్లు తిరుగుతున్నాయి కదా.

డ్రైవరుచేత రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేయించకూడదని 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం రాసింది. మా నాయనకు ఆ సంగతే తెలియదు. ఆయనకు తెలిసిందల్లా ఓనరు ఫోను: "యాడ ఉండావు? ఇంకా అక్కడే ఉండావా?"

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ఇంజనీరింగ్‌లో చేరేటప్పుడు ఫారంలో "తండ్రి వృత్తి" అన్న గడి ఉంది. నేను "ట్రాన్స్‌పోర్ట్ బిజినెస్" అని రాశాను. పక్కనే నిలబడి ఫీజు డబ్బులు లెక్కపెడుతున్న మా నాయన చేతి గ్రీజు మరక ఆ నోట్ల మీద కూడా ఉంది. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదని నాకు తెలుసు. ఆ ధైర్యంతోనే రాశాను.

గంధం తీసిన మనిషి

రాయరు సన్యాసం తీసుకోకముందు పేరు వేంకటనాథులు. పెద్ద పండితులు, కానీ కటిక పేదరికం. సంప్రదాయంలో చెప్పుకునే ఒక కథ ఉంది. ఒక ఇంట్లో సంతర్పణకు పోతే, ఆ ఇంటివాళ్లు ఆయన బట్టలు చూసి, ఈయన ఎవరు, ఏం చదివారు అని అడగకుండానే, "గంధం తియ్యి" అని సాన చూపించారు. ఆయన కాదనలేదు. గంధం తీస్తూ మనసులో అగ్నిసూక్తం జపించుకున్నారు. అతిథులు ఆ గంధం పూసుకుంటే ఒళ్లంతా మంటలు! గంధమేమిటి, మండడమేమిటి? అప్పుడు వెతుక్కుంటూ వచ్చారు, ఈ గంధం తీసింది ఎవరు అని. ఆయన నొచ్చుకుని వరుణసూక్తం చెప్పి మళ్లీ గంధం తీసి ఇస్తే చల్లబడ్డారు.

ఈ కథను మనం మంత్రశక్తికి ఉదాహరణగా చెప్పుకుంటాం. నిజమే. కానీ ఇంకో సంగతి గమనించండి. గంధం చల్లగా ఉన్నంతసేపూ గంధం తీసిన మనిషి ఎవరికీ కనిపించలేదు. మండాకే కనిపించాడు.

మనమూ అంతే కదా! 2024 జనవరి మొదట్లో హిట్ అండ్ రన్ కేసుల్లో పదేళ్ల దాకా శిక్ష వేసే కొత్త నిబంధన మీద డ్రైవర్లు సమ్మె చేశారు. హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు బారులు తీరాం. ఆ రెండు రోజులు డ్రైవర్ల గురించి మాట్లాడుకున్నాం. ట్యాంకు నిండాక మర్చిపోయాం. పార్శిల్ ఎక్కడుందో ఫోనులో చుక్కను చూస్తూ ఉంటాం. ఆ చుక్క వెనక ఒక మనిషి ఉన్నాడు, తిన్నాడో లేదో అన్న ఆలోచన రాదు. పగలు నగరంలోకి రానివ్వరు కాబట్టి ఊరి బయట రోడ్డు పక్కన రాత్రి కోసం కాచుకున్న లారీల వరస మీరు చూసే ఉంటారు. ట్రాఫిక్‌కు అడ్డం అని విసుక్కుని ఉంటారు. నేనూ విసుక్కున్నాను, లారీ డ్రైవరు కొడుకునై ఉండి!

గుర్రాలకు నీళ్లు పెట్టిన సారథి

మహాభారతంలో కర్ణుణ్ణి నిండు సభల్లో ఏమని అవమానించారు? సూతపుత్రుడు అని. అంటే రథం తోలేవాడి కొడుకు అని. ఏ పని పేరును తిట్టుగా వాడారో, అదే పనిని భగవంతుడు కోరి ఒప్పుకున్నాడు. పార్థసారథి అని మనం భక్తితో పిలుచుకునే పేరుకు అర్థం, అర్జునుడి డ్రైవరు అనే. గీత చెప్పింది పగ్గాలు పట్టుకున్న చేతులవాడే.

ద్రోణపర్వంలో ఒక ఘట్టం నాకు చాలా ఇష్టం. సూర్యుడు అస్తమించేలోగా సైంధవుణ్ణి చంపకపోతే అగ్నిలో దూకుతానని అర్జునుడు ప్రతిజ్ఞ చేశాడు. ఇంతకంటే గట్టి డెడ్‌లైన్ ఎవరికుంటుంది? అటువంటి రోజున, శత్రుసేన మధ్యలో, గుర్రాలు అలిసిపోయాయి. ఒళ్లంతా బాణాలు. అప్పుడు ఏం చేశారు? కొరడా తియ్యలేదు. రథం ఆపారు. అర్జునుడు దిగి నేల మీద నిలబడి యుద్ధం చేస్తూ, బాణంతో భూమిని చీల్చి నీళ్లు తెప్పించాడు. కృష్ణుడు గుర్రాలను విప్పి, బాణాలు పీకి, ఒళ్లు రుద్ది, నీళ్లు తాగించి, మేత పెట్టి, అవి తేరుకున్నాక మళ్లీ కట్టాడు. ఆ రోజు పని ఆ రోజే పూర్తయింది కూడా.

ప్రాణం మీదికొచ్చిన రోజున కూడా గుర్రాలకు విశ్రాంతి ఇవ్వడం ధర్మం అనిపించింది పరమాత్మకు. మరి మనం? ఒక పూట ఆలస్యమైతే ఒక్క చుక్క రేటింగ్ ఇచ్చేస్తాం. నిద్ర కళ్లతో తోలేవాడు తన ఇంటికే కాదు, ఎదురుగా వచ్చే మన కారుకూ ప్రమాదమే. వాడి నిద్రను లాక్కున్న తొందరలో మన వాటా కూడా ఉంది.

"అది వాళ్ల కర్మ" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఎదుటివాడి కష్టాన్ని చూసి చెప్పడానికి కాదు కర్మ సిద్ధాంతం ఉన్నది. నేను ఇప్పుడు ఏం చెయ్యాలి అని నన్ను నేను అడుక్కోవడానికి ఉంది.

దండం లోపలికి పోతుందా?

ఆ అన్న అడిగిన ప్రశ్నకు జవాబు మంత్రాలయంలోనే ఉంది. ఎన్నోసార్లు చెప్పిన కథే, కానీ నాకే తట్టలేదు.

1671లో, శ్రావణ బహుళ విదియ నాడు రాయరు సజీవంగా బృందావన ప్రవేశం చేశారు. ఆయనకు ప్రాణంలాంటి శిష్యుడు అప్పణాచార్యులు ఆ సమయానికి అక్కడ లేరు, తుంగభద్రకు అవతల ఉన్నారు. సంగతి తెలిసి పరుగున బయలుదేరారు. నది పొంగి పారుతోంది. గురువును స్తుతిస్తూ, ఆ స్తోత్రమే తెప్పగా ఏరు దాటారని చెబుతారు. కానీ వచ్చేసరికి ఆలస్యమైపోయింది. రాతి పలకలు మూసేశారు. దుఃఖంతో గొంతు పూడుకుపోయి, స్తోత్రం చివరి మాటలు బయటికి రాలేదు. అప్పుడు ఆ చివరి మాటలు బృందావనం లోపలి నుంచి వినిపించాయి.

చూడండి, వేళకు అందుకోలేకపోయినవాడు ఆయన. దారిలో చిక్కుకుపోయినవాడు. ఆఖరి దర్శనం దక్కనివాడు. ఆయన ఆగిపోయిన చోటి నుంచి మిగిలింది గురువు పూర్తి చేశారు. మనం ఈ రోజు చదువుకునే స్తోత్రం అలా వచ్చిందే.

కాబట్టి అన్నా, నువ్వు ఇది చదువుతావో లేదో తెలియదు గానీ, చెప్తున్నాను. దండం లోపలికి పోతుంది. నువ్వు స్టీరింగ్ మీద నుంచి ఒక చెయ్యే తియ్యగలిగావు. రెండో చెయ్యి రాయరు కలుపుతారు.

మనం చేయగలిగింది

ఉపన్యాసం విని "ఆహా" అనుకుని ఊరుకుంటే ఉపయోగం లేదు. ఈ గురువారం నుంచి మూడు చిన్న పనులు సంకల్పంగా పెట్టుకుందాం. మీ అపార్ట్‌మెంటుకో, ఆఫీసుకో, షాపుకో సరుకు దించడానికి బండి వస్తే, ముందు మంచినీళ్లు ఇచ్చి, బాత్రూమ్ ఎటు ఉందో చెప్పండి. గేటు దగ్గర వాచ్‌మన్‌కు కూడా ఈ మాట చెప్పి ఉంచండి. రెండు, ఆలస్యమైందని ఫోను చేస్తే "ఎక్కడున్నావు" కంటే ముందు "తిన్నావా అన్నా" అని అడగండి. మూడు, మీలో ఎవరైనా రవాణా కంపెనీల్లో, యాప్‌లలో పని చేస్తుంటే, డెలివరీ టైము లెక్క వేసేటప్పుడు అందులో మనిషి నిద్ర కూడా కలపండి. ఇది మూడోది కాబట్టి చిన్నది అనుకోకండి. గుర్రాలను విప్పే అధికారం మీ చేతిలోనే ఉంది.

ఇంటికొచ్చాక నేను మా నాయనకు ఫోన్ చేశాను. ఇప్పుడు ఎమ్మిగనూరులోనే ఉంటాడు, నడుము నొప్పితో ఎక్కువ దూరం కూర్చోలేడు. ఇన్నేళ్ల తర్వాత ఆ ఫారం సంగతి చెప్పేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు:

"ఫారంలో ఏం రాస్తే ఏంలేరా. ఫీజు కట్టినాం కదా."

"నాయనా, వచ్చే గురువారం మంత్రాలయం పోదాం. నువ్వు పక్కన కూర్చో, నేను తోలతా" అన్నాను.

"మెల్లగా తోలు. మధ్యలో ఆపుదాం" అన్నాడు.

ముందు మంచాలమ్మకు, తర్వాత బృందావనానికి. ఈసారి రెండు చేతులూ కలిపి, ఎంతసేపు కావాలంటే అంతసేపు.

గురురాయల అనుగ్రహం దారిలో ఉన్నవాళ్లందరికీ, ఇంట్లో వాళ్ల కోసం ఎదురుచూసేవాళ్లందరికీ కలగాలి. సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.