జంతువుతో పోలిస్తే చిన్నబోవాలా?

మొగుళ్లపల్లి చుట్టుపక్కల తండాల నుంచి, భూపాలపల్లి అడవుల్లోని గూడేల నుంచి పట్నం చదువులకు వెళ్లిన మన పిల్లల్లో చాలామంది ఒక మాట విని ఉంటారు: "అడివి జంతువుల్లెక్క ఉన్నరు." వెంటనే మన నోటికొచ్చే జవాబు, "మేం జంతువులం కాదు, మనుషులం." ఆ జవాబు న్యాయమైనదే. కానీ ఆ తొందరలో మనది కాని ఒక లెక్కను ఒప్పుకుంటున్నామేమో ఆలోచించాలి.

ఆ లెక్క ప్రకారం మనిషి పైమెట్టు మీద ఉంటాడు, జంతువు కిందిమెట్టు మీద ఉంటుంది. ఎవరినైనా తక్కువ చేయాలంటే కిందిమెట్టుకు దగ్గరగా చూపిస్తే చాలు. ఈ చూపును కొలిచినవాళ్లు కూడా ఉన్నారు. 2015లో నూర్ క్టైలీ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఒక పద్ధతిని ప్రచురించారు. కోతిలా వంగిన రూపం నుంచి నిటారుగా నిలబడ్డ మనిషి దాకా ఐదు బొమ్మలు వరుసగా చూపించారు. ఫలానా జాతివాళ్లు ఈ వరుసలో ఎక్కడుంటారో 0 నుంచి 100 లోపు గుర్తు పెట్టమన్నారు. అమెరికాలో అడిగితే జనం సగటున తమవాళ్లను పైన, అరబ్బులను, ముస్లింలను కింద పెట్టారు. పక్కవాణ్ణి పూర్తి మనిషిగా ఒప్పుకోవడానికి ఎంత వెనకాడతారో ఆ పరీక్ష బయటపెట్టింది.

మన రోజువారీ మాటల్లోనూ ఈ మెట్లున్నాయి. "గొడ్డులా తింటున్నాడు" అంటే తిట్టు. "పులిబిడ్డ" అంటే మెప్పు. రెండూ జంతువుతో పోలికలే. కాబట్టి అవమానం జంతువులో లేదు, పోల్చేవాడి మనసులో ఉంది.

ఇంకో రకం కొలత కూడా ఉంది. సూసన్ కేరీ 1985లో వెలువరించిన పుస్తకంలో అమెరికా పట్నం పిల్లల మీద చేసిన పరీక్షలున్నాయి. పిల్లలు ఎన్నడూ వినని ఒక అవయవం పేరు చెప్పి, "ఇది మనిషి లోపల ఉంటుంది, కుక్కకూ ఉంటుందా?" అని కొందరిని అడిగారు. "ఇది కుక్క లోపల ఉంటుంది, మనిషికీ ఉంటుందా?" అని మరికొందరిని అడిగారు. నాలుగేళ్ల పిల్లలు మొదటి ప్రశ్నకు అవునన్నంతగా రెండోదానికి అనలేదు. మనిషికి ఉన్నది జంతువులకూ ఉంటుంది గానీ, కుక్కకు ఉన్నది మనిషికి ఉండదన్నమాట.

పిల్లలందరి బుద్ధీ ఇంతేననుకున్నారు. నార్బర్ట్ రాస్, డగ్లస్ మెడిన్ బృందం విస్కాన్సిన్‌లోని మెనామినీ ఆదివాసీ పిల్లలను అడిగి 2003లో ఫలితాలు ప్రచురించింది. ఆ పిల్లల్లో ఈ మనిషి-ముందు లెక్క కనిపించలేదు. వాళ్లు పోలికనే కాదు, సంబంధాన్ని కూడా చూశారు. ఎలుగుబంటి తేనె తింటుంది గనుక తేనెటీగకు ఉన్నది దానికీ ఉండొచ్చన్నది అలాంటి ఆలోచనే. మెనామినీలు తమ పుట్టుక ఎలుగుబంటి నుంచే మొదలైందని చెప్పుకుంటారు.

ఇది మనకు కొత్త సంగతి కాదు. సమ్మక్క పసిబిడ్డగా అడవిలో పులుల మధ్య ఆడుకుంటూ కోయ పెద్దలకు దొరికిందని మేడారం కథ. ఆ బిడ్డకే ఈనాడు లక్షల మంది "తల్లీ" అని మొక్కుతున్నారు. నాయకపోళ్లు గుర్రం ముఖంలా చెక్కిన లక్ష్మీదేవరను తలకెత్తుకుంటారు. లంబాడీ తండాల్లో సీత్లా పండుగనాడు పశువులు చల్లగా ఉండాలని మొక్కుకుంటాం. మన తాతలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశాలు తిరిగారు. ఎద్దు లేకపోతే వాళ్లకు బతుకే లేదు.

అలాగని మనవాళ్లు జంతువులకు ఏ హానీ చేయలేదని మేము అనడం లేదు. వేటాడాం. ఎద్దును ముల్లుకర్రతో పొడిచాం. జాతరలో కోడిని, మేకను కోశాం. చుట్టరికం ఉన్నచోట బాకీ కూడా ఉంటుంది. తీసుకున్నదానికి మొక్కు చెల్లించాలి, నీళ్లు పెట్టాలి, మేపు చూడాలి. పైమెట్టు మీద కూర్చున్నవాడికి ఈ బాకీ గుర్తుండదు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మనలోనూ ఒక తెగవాళ్లు మరో తెగవాళ్లను తక్కువగా చూసే అలవాటుంది. అదీ ఆ మెట్ల లెక్కే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, తిట్టిన నోటిని ఊరికే వదలమని మేము చెప్పడం లేదు. నలుగురి ముందు కావాలని ఆదివాసీని అవమానించడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. నిలదీయండి. అయితే నిలదీసేటప్పుడు పులిని, ఎద్దును, ఎలుగును కిందికి తోసి మనం పైకెక్కనక్కర్లేదు. "మా పోలికలో తప్పులేదు, నీ లెక్కలో తప్పుంది" అనండి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. బడిలో "మనిషికి ఉన్నది జంతువుకు ఉంటుందా?" అని మాత్రమే అడగకండి. "జంతువుకు ఉన్నది మనకు ఉంటుందా?" అని కూడా అడగండి. పిల్లలు చెప్పే జవాబులతోపాటు, అలా ఎందుకనుకున్నారో కూడా రాసి పెట్టుకోండి. వాళ్ల ఇళ్లలో ఇంకా మిగిలి ఉన్న తెలివి అందులో కనబడుతుంది.