సంచి మీది పేరు కాదు, నెల చూడు

అమ్మాయ్,

ఒక వారం తెచ్చిన క్లెమెంటైన్ నారింజలు అమృతమని, పై వారం అదే కొట్లో అదే సంచి తెస్తే చప్పగా, పీచు పీచుగా ఉన్నాయని మీ అమ్మతో అన్నావట. ఈ దేశంలో పండ్లకి రుచే ఉండదని తేల్చేసేలోగా ఈ పెద్దమ్మ మాట నాలుగు ముక్కలు విను. కాలిఫోర్నియా నడిమి లోయలో, ఈ తోటల పక్కనే సంసారం ఈదినదాన్ని. రుచి ఉంటుంది తల్లీ, కాకపోతే దానికో వేళ ఉంటుంది. నువ్వు సంచి మీది బొమ్మ చూసి కొంటున్నావు. ఇకనుంచి నెల చూసి కొను.

ముందుగా మన ఇంటి అలవాటొకటి పక్కన పెట్టాలి. మామిడికాయ పుల్లగా ఉంటే గడ్డిలో వేసి మాగబెడతాం. అరటిగెల పచ్చిగా ఉంటే మూలన వేలాడదీస్తాం. అవి కోశాక కూడా పండుతాయి కనుక సరిపోయింది. నారింజ జాతి అలా కాదు. చెట్టు నుంచి కోసేనాటికి ఎంత తీపి పట్టిందో అంతే, ఆ తర్వాత పెరగదు. రోజులు గడిచేకొద్దీ పులుపు కాస్త తగ్గుతుందేమో గానీ కొత్తగా తీపి రాదు. కాబట్టి "నాలుగు రోజులుంచితే అవే బాగుపడతాయిలే" అన్న ఓపిక ఇక్కడ అక్కరకు రాదు. నీ నేర్పంతా కొనే దగ్గరే చూపించాలి.

ఇప్పుడు నెలల లెక్క చెప్తాను. నవంబరు నడిమి నుంచి జనవరి దాకా అసలైన క్లెమెంటైన్ల కాలం. అప్పుడే సత్సుమాలూ వస్తాయి. జపాను నుంచి వచ్చిన రకమది. తొక్క వదులుగా ఉంటుంది, గింజలుండవు, పులుపు తక్కువ. చిన్నపిల్లలున్న ఇంటికి అంతకన్నా మంచి పండు లేదు. ఆకులతో కోసి అమ్ముతుంటే ఆకు వంక చూడు. అది పచ్చగా నిగనిగలాడుతుంటే కోసి ఎక్కువ రోజులు కాలేదన్నమాట.

జనవరి దాటాక సంచి అదే, పేరు అదే, లోపలి పండు మాత్రం మారిపోతుంది. క్యూటీస్, హేలోస్ లాంటి సంచుల్లో సీజను మొదట క్లెమెంటైన్లు, తర్వాత మర్కాట్, టాంగో రకాలు వస్తాయి. ఇందులో దాపరికమేమీ లేదు. సంచి మీద ఈ రకాలన్నిటికీ కలిపి 'మాండరిన్లు' అనే రాసి ఉంటుంది. చదవనిది మనం. టాంగోని రివర్‌సైడ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 2006లో విడుదల చేశారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో దాని రుచి చిక్కగా ఉంటుంది. తలమీద బుడిపెతో, చూడ్డానికి మొరటుగా ఉండే సుమోలు కూడా దాదాపు అప్పుడే వస్తాయి. ధర ఎక్కువే, అయినా ఏడాదికి ఒక్కసారైనా కొనుక్కుని తిను. మార్చి దాటాక ఓహై లోయ పిక్సీలు దిగుతాయి. చిన్నవి, రంగు వెలిసినట్టుంటాయి గానీ తీపిలో దేనికీ తీసిపోవు.

ఒక రకం అయిపోతూ ఇంకొకటి మొదలయ్యే వారాలున్నాయి చూశావూ, చప్పటి పండ్లు ఎక్కువగా తగిలేది అప్పుడే. ముందు రకం చెట్టు మీదే ముదిరిపోయి ఉంటుంది, వెనక రకానికి ఇంకా తీపి పట్టి ఉండదు. ఆ రోజుల్లో చిన్న సంచితో సరిపెట్టుకో. వీలైతే ఫార్మర్స్ మార్కెట్‌కి వెళ్లు. అక్కడ తొన ఒలిచి నోట్లో పెట్టుకుని చూశాకే కొనొచ్చు. రుచి చూడమని వాళ్లే చేతికిస్తారు, మొహమాటపడకు.

రంగు చూసి మురిసిపోకు. ఈ పండ్లకి నారింజరంగు రావాలంటే రాత్రుళ్లు చలి ఉండాలి. ఆ చలి లేకనే మన నల్గొండ, అనంతపురం బత్తాయిలు ఆకుపచ్చగా ఉంటూనే తియ్యగా ఉంటాయి. వాటిని తిని పెరిగిన నీకు ఈ సంగతి నేను వేరే చెప్పాలా? ఇక్కడ సీజను మొదట్లో లోపల తీపి పట్టినా పైన పచ్చదనం పోని కాయల్ని ఇథిలీన్ వాయువు పెట్టిన గదుల్లో ఉంచి రంగు తెప్పిస్తారు. దానివల్ల తొక్కే మారుతుంది, తీపి మారదు. ఫ్రాన్సు వాళ్ల కార్సికా దీవిలోనైతే అలా రంగు తెప్పించరు. అడుగున కాస్త పచ్చదనం, పైన ఆకులు ఉంటేనే అది తమ ఊరి క్లెమెంటైన్ అని గర్వంగా అమ్ముకుంటారు.

మరి దేన్ని నమ్మాలి? చేతిని నమ్ము. ఒకే సైజువి రెండు తీసి రెండు అరచేతుల్లో పెట్టుకో. బరువున్నదాంట్లో రసం ఉంటుంది. క్లెమెంటైన్ తొక్క తొనల్ని అంటిపెట్టుకుని ఉండాలి. నొక్కితే లోపల డొల్లగా, తొక్క ఉబ్బినట్టుగా తగిలితే అది ముదిరి ఎండిపోతున్న పండు. సత్సుమాకి మాత్రం ఈ పరీక్ష పెట్టకు, దాని తొక్క పుట్టుకతోనే వదులు. ముచ్చిక దగ్గర మెత్తబడిందేమో చూడు. వలసంచి అయితే తప్పకుండా తిరగేసి అడుగు చూడు. ఎక్కడైనా తడి కనిపించినా, ఆకుపచ్చ బూజు మచ్చ ఒక్కటి కనిపించినా ఆ సంచి వదిలెయ్యి. ఒక పండు బూజు పక్క పండుకి పాకడానికి ఎన్నో రోజులు పట్టదు. పెద్ద మంచు పడిందని వార్త వచ్చిన తర్వాత వారాల్లో మరీ జాగ్రత్త. గడ్డకట్టిన పండు పైకి బాగానే ఉండి లోపల పిప్పిగా మారుతుంది. 2007 జనవరిలో ఈ లోయంతా అలాగే దెబ్బతింది.

గింజలెందుకొచ్చాయని కూడా అడిగావట. క్లెమెంటైన్ పువ్వుకి తన పుప్పొడితో గింజ కట్టదు. తేనెటీగలు పక్కతోట నుంచి వేరే రకం పుప్పొడి మోసుకొస్తేనే కడుతుంది. అందుకే ఇక్కడి రైతులు పూత కాలంలో చెట్ల మీద తెల్లటి వలలు కప్పుతారు. ఆ వలల కింద తోటలు తోటలే మునిగిపోతాయి, ఒకసారి వసంతంలో వస్తే చూపిస్తాను. అల్జీరియాలో ఒక అనాథాశ్రమం తోటలో బయటపడిన ఈ పండు ఇక్కడ ఇంతగా పాతుకుపోవడానికి ఒక పురుగు కూడా సాయం చేసింది. 2001 చివర్లో స్పెయిన్ నుంచి వచ్చిన క్లెమెంటైన్లలో పండుఈగ లార్వాలు బయటపడితే అమెరికా ప్రభుత్వం దిగుమతి ఆపేసింది. అప్పటికే మొక్కలు నాటడం మొదలుపెట్టిన కాలిఫోర్నియా రైతులకి అది కలిసొచ్చింది.

ఇంటికి తెచ్చాక సంచిలోనే వదిలెయ్యకు. వెడల్పాటి పళ్లెంలో పరిచి, దెబ్బ తగిలినవి ముందు తినేసెయ్యి. వారంలో అయిపోయేవి బల్ల మీద ఉంచు, మిగతావి ఫ్రిజ్‌లో పెట్టు. అక్కడ రెండు వారాలపైనే నిలుస్తాయి. గాలాడని ప్లాస్టిక్ కవర్లో మాత్రం బిగించకు. తినే ముందు కాసేపు బయట పెడితే చల్లదనం తగ్గి రుచి తెలుస్తుంది. రసం తీసే పనే పెట్టుకోకు, తొనలు ఒలుచుకుని తిను. ఒక పండుకి 35 కెలోరీలే, విటమిన్ సి దండిగా ఉంటుంది. మీ నాన్నకి షుగరు కదా, వచ్చినప్పుడు పండే పెట్టు, రసం ఇవ్వకు. కొలెస్ట్రాల్ మాత్రలు వేసుకుంటుంటే గ్రేప్‌ఫ్రూట్ జోలికి వెళ్లేముందు డాక్టర్ని అడగమను. కొన్ని మాత్రలకి ఆ పండు పడదు.

తొక్కలు పారెయ్యకు, పచ్చడి చేసుకో. కొట్లో పండ్లకి మైనం, బూజు మందు పూసి ఉంటాయి కనుక పచ్చడికి మాత్రం ఆర్గానిక్‌వో, మందు కొట్టలేదని రైతు చెప్పినవో తీసుకో. సన్నగా తరిగి, ఒకసారి ఉడికించి ఆ నీళ్లు వంపేస్తే చేదు తగ్గుతుంది. చింతపండు, బెల్లం, ఇంగువ పోపు నీకు చెప్పక్కర్లేదు. కుమ్‌క్వాట్లు దొరికితే తొక్కతోనే నమిలెయ్యి, దాంట్లో తీపంతా తొక్కలోనే. మిగిలినవి నిమ్మకాయలాగే ఉప్పులో ఊరేసి ఊరగాయ పెట్టు. ఫిలిప్పీన్స్ వాళ్ల కొట్లో కలమాన్సి అనే బుల్లి పుల్లటి కాయలుంటాయి, వాటితో పులిహోర కలిపి చూడు.

వేసవిలోనూ ఇలాంటి పండ్లు కనిపిస్తాయి. చిలీ, దక్షిణాఫ్రికాల నుంచి ఓడల్లో వస్తాయి, అక్కడ అప్పుడు చలికాలం మరి. తినాలనిపిస్తే తిను, తప్పులేదు. కానీ ఇక్కడ అది చెర్రీల కాలం, పీచ్‌ల కాలం. నీ ఊరి చెట్టు మీద అప్పుడే పండినదాన్ని వదిలి సముద్రం దాటొచ్చినదానికి డబ్బు పొయ్యడమెందుకు? ఏ నెలలో ఏది బాగుంటుందో ఒక్క ఏడాది గమనించి ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించుకో. మరుసటి ఏడాది నుంచి నీకు నా సలహా అక్కర్లేదు. అప్పుడు నువ్వే మీ ఆఫీసులో కొత్తగా వచ్చిన పిల్లలకి చెబుదువుగాని.

ప్రేమతో,
పెద్దమ్మ